జర్మనీలో పాత స్పోర్ట్స్ కారుకు టైర్లు: పాత స్టాకు వేయించాలా, రిమ్ములు మార్చాలా?

గుంటూరు_శ్రీను:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ 1972 డాట్సన్ 240జడ్ ఒకటి కొన్నాడు. కంపెనీ ఇచ్చినప్పుడు ఆ బండికి 14 అంగుళాల రిమ్ములు, 175 సైజు సన్న టైర్లు. పాత ఓనరు ఫెండర్లు వెడల్పు చేయించి 15 అంగుళాల రిమ్ములు వేయించాడు. ముందు 8జె, వెనక 9జె, అంటే రిమ్ము వెడల్పు 8, 9 అంగుళాలు. నాలుగింటికీ 225/50 ఆర్15 టైర్లే (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 15 అంగుళాలు). అవి పక్కలంతా పగిలిపోయాయి, తనిఖీ తేదీ దగ్గర పడింది.

ఆ సైజులో మామూలు రోడ్డు టైర్లు దొరకడం గగనమైపోయింది. దొరికేవి ఎక్కువగా టోయో ఆర్888ఆర్ లాంటి సెమీ స్లిక్కులు, అంటే గాళ్లు తక్కువగా ఉండే రేసు తరహా టైర్లు. రోడ్డుకు అనుమతి ఉన్నవే, కానీ వానలో వాటిని నమ్మలేం. ఒక డీలరు దగ్గర మాత్రం వాడని రోడ్డు టైర్ల సెట్టు ఉంది, సగం ధరకే ఇస్తానన్నాడట. తయారీ 2014. అదీ కాదంటే రిమ్ములే మార్చేయాలి. ఏం చేయమంటారు?

పటమట_వంశీ:
శ్రీను గారూ, ఇందులో ఆలోచించడానికేముంది? 2014 సెట్టు తీసేసుకోమనండి. సైడ్ వాల్ (టైరు పక్క భాగం) మీద వృత్తంలో ఇ అక్షరం, పక్కన అనుమతి ఇచ్చిన దేశం నంబరు ఉంటాయి. జర్మనీకి 1, ఫ్రాన్స్‌కి 2, నెదర్లాండ్స్‌కి 4. ఆ గుర్తుండి, లోడు, స్పీడు రేటింగు సరిపోతే రోడ్డు మీద చెల్లుతుంది. 240జడ్ గరిష్ఠ వేగం 200 కిలోమీటర్ల దగ్గర, హెచ్ రేటింగు 210 దాకా. గ్రిప్పు లోతు చట్టానికి 1.6 మిల్లీమీటర్లుంటే చాలు. వాడని టైరు కాబట్టి ఆ బెంగే లేదు. కారు టైరు ఇన్నేళ్లే వాడాలని జర్మనీలో చట్టం లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి అనుమతి తీసుకున్న ట్రైలర్లకే ఆరేళ్ల నిబంధన ఉంది. చట్టం అడగనిది మనం ఎందుకు అడగాలి?

తెనాలి_కుర్రోడు:
వ్రెడెస్టైన్ స్ప్రింట్ క్లాసిక్ చూడమనండి. పాత కార్ల కోసమే చేస్తారు. 2009 నుంచి ఆ కంపెనీ మన అపోలో టైర్స్ వాళ్లదే.

బ్రాడీపేట_లక్ష్మి:
స్ప్రింట్ క్లాసిక్ సన్న రిమ్ముల మీద నడిచే బళ్లకు. మళ్లీ 14 అంగుళాల రిమ్ములకు వెళితే పనికొస్తుంది, 8జె మీదికి కాదు.

శ్రీను గారూ, ఒక సంగతి చూడండి. 225/50 టైరుకు యూరప్ టైర్ల ప్రమాణాల పట్టికలో రిమ్ము వెడల్పు 6 నుంచి 8 అంగుళాల వరకే. మీ తమ్ముడి వెనక రిమ్ము 9జె అంటున్నారు. అది బండి కాగితాల్లో రాసి ఉందా?

ఆటోనగర్_బాషా:
వంశీ తమ్ముడూ, ఇ గుర్తు నేనూ కాదనను. ఆ గుర్తు టైరు పుట్టిన రోజు సంగతి చెబుతుంది. ఈరోజు ఎలా ఉందో చెప్పదు. సైడ్ వాల్ మీద డాట్ అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడాలి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం. అంటే జూన్. దాన్ని చూశాకే మిగతావి చూడాలి.

టైరు మూలన పెట్టినా ముదురుతుంది. రబ్బరు పగలకుండా అందులో కలిపిన రసాయనాలు మెల్లగా పైకి వచ్చి ఆవిరవుతాయి. టైరు తిరుగుతుంటే అవి అన్నివైపులకూ పాకుతాయి, కదలకుండా పడుంటే అదీ ఉండదు. వాడని పాత టైరు కింద పెట్టి, ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) మీద మోకాలు ఆనించి గట్టిగా అదిమి చూడండి. గాడి అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు విచ్చుకుంటాయి. పైన చూస్తే మాత్రం నల్లగా నిగనిగలాడుతుంటుంది, కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు ముళ్లు కూడా రాలి ఉండవు. గోటితో నొక్కితే కొత్త టైరు లోపలికి దిగుతుంది, ఇది దిగదు. అంత గట్టిపడిన రబ్బరుకు తడి రోడ్డు మీద పట్టు ఏముంటుంది? పదేళ్లు దాటితే తీసేయమని మిషెలిన్ వాళ్లే చెబుతారు. వాళ్లు టైర్లు చేసేవాళ్లు, నేను అమ్మేవాణ్ణి. ఈ మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే.

పటమట_వంశీ:
బాషాభాయ్, మీరు చూసేవి రోళ్లు పగిలే ఎండలో, రేకుల షెడ్డు కింద పేర్చిన టైర్లు. ఇది చల్లటి దేశంలో, చీకటి గోడౌన్లో ఉన్న సెట్టు. రెంటికీ పోలికేంటి? అయినా కొత్త టైర్లు అమ్ముకునేవాళ్లు పాతవి వద్దనక వేసుకోమంటారా?

ఆటోనగర్_బాషా:
స్టుట్‌గార్ట్‌లో నాకు షాపు లేదు తమ్ముడూ. ఈ నాలుగు టైర్ల మీద నాకొచ్చేది పైసా లేదు.

చలిదేశం సంగతే చెబుతాను వినండి. 2012లో ఇంగ్లండులో ఒక బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు పంతొమ్మిదేళ్లు దాటింది. గ్రిప్పు ఉంది, చట్టప్రకారం తప్పు లేదు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఏళ్ల తరబడి పోరాడితే 2021 ఫిబ్రవరి నుంచి బ్రిటన్‌లో లారీలు, బస్సుల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు నిషేధించారు. చట్టం అడగలేదు కాబట్టి వేసుకోవచ్చంటున్నారు మీరు. ఆరోజు ఆ బస్సు టైరును కూడా చట్టం అడగలేదు.

కృష్ణలంక_రమేష్:
హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ ప్రమాదంలో పోయిన పోర్షె కరెరా జిటి కారు టైర్లు కూడా తొమ్మిదేళ్ల పాతవే కదా.

పటమట_వంశీ:
ఆ దర్యాప్తు నివేదిక గురించి పూర్తిగా చెప్పండి రమేష్ గారూ. 2013 నవంబరు ప్రమాదానికి వేగమే కారణమని అందులో తేల్చారు. గంటకు 45 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 80 నుంచి 93 మైళ్ల మధ్య వేగంతో పోయారు. పాత టైర్ల వల్ల బండి అదుపు తగ్గి ఉండొచ్చని ఒక మాట అన్నారు, అంతే. అందరూ ఆ ఒక్క మాటే పట్టుకుంటారు.

బస్సు సంగతీ అంతే. పన్నెండు టన్నుల బస్సూ, టన్ను బరువుండే కారూ ఒకటేనా? బ్రిటన్ చట్టం కార్లను వదిలేసింది. ఎందుకు వదిలేసిందంటారు?

ఆటోనగర్_బాషా:
చట్టం వదిలేసినంత మాత్రాన రబ్బరు ముదరడం మానేస్తుందా?

బ్రాడీపేట_లక్ష్మి:
రిమ్ము గురించి నేనడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. టైరు 2014దా 2024దా అన్నది తర్వాత చూద్దాం. ఆ టైరు ఆ రిమ్ముకు సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న.

మంగళగిరి_ప్రసాద్:
చాలాసేపటినుంచి చదువుతున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. కాజ టోల్‌గేటు దాటాక, వాన పడుతుండగా, మా బావగారి బండిని వెనకనుంచి ఒక కారు గుద్దింది. ఫెండర్లు ఉబ్బించి, వెడల్పు అలాయ్ వీల్స్ వేసిన పాత కారు. ఆ కుర్రాడు బ్రేకు వేశాడు, రోడ్డు మీద గుర్తులున్నాయి. బండి ఆగలేదు. టైర్లకు గ్రిప్పు నిండుగా ఉంది, మేము చూశాం. మా బావగారి తుంటి విరిగింది, ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేరు. ఆ కుర్రాడి తండ్రి వచ్చి ‘టైర్లు కొత్తవేనండీ, మొన్నే వేయించాం’ అన్నాడు. తయారీ తేదీ చూస్తే ఎనిమిదేళ్లు దాటింది. ఎవరో పాత స్టాకు అంటగట్టారు.

సరదా మీది, ఆసుపత్రి మాది. పాత కారు మీద ప్రేమ ఉంటే షెడ్డులో పెట్టుకుని తుడుచుకోండి. రోడ్డు మీదికి ఎందుకు తెస్తారు?

పటమట_వంశీ:
ప్రసాద్ గారూ, మీ బావగారి విషయం చదివితే నిజంగా బాధేసింది. కానీ ఆ కుర్రాడు చేసినదానికి బళ్లను ప్రేమించేవాళ్లందరినీ బోనెక్కించకండి. నేనెందుకు ఇంత మొండిగా వాదిస్తున్నానో కూడా వినండి.

నాకొక ఎస్టీమ్ ఉండేది. ఒక్కో రూపాయి కూడబెట్టి అలాయ్ వీల్స్, కొత్త టైర్లు, మంచి సస్పెన్షన్ వేయించాను. అన్నీ బండికి మేలు చేసేవే. పేరు మార్పిడికి వెళితే ఒక ఆఫీసులో అన్నీ ఊడదీసి రమ్మన్నారు. ఎవరికి చూపించి అనుమతి తెచ్చుకోవాలని అడిగితే అలాంటిదేమీ లేదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదంది. అదే ఏడాది చట్టం సవరించి, మార్పుకు ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అన్నారు. మార్పు మంచిదా చెడ్డదా అని చూసే నాథుడే లేడు. అన్నీ ఊడదీసి అయినకాడికి అమ్ముకున్నాను.

జర్మనీలో అలా కాదు. రిమ్ము మార్చావా, బండి తీసుకురా, ఇంజనీరు కొలిచి చూస్తాడు, బాగుంటే కాగితాల్లో ఎక్కిస్తాడు. ముప్పై ఏళ్లు దాటిన బండికి చారిత్రక నంబరు ప్లేటు ఇస్తారు, పన్ను ఏడాదికి 191.73 యూరోలే. ఆ కాలంలో చేసే మార్పులైతే ఆ ప్లేటు కింద కూడా ఒప్పుకుంటారు. 1990 అక్టోబరుకు ముందు రిజిస్టరైన బళ్ల కోసమే చేసే టైర్లకు, ఇంధన పొదుపు, తడి రోడ్డు పట్టు గ్రేడ్లు చూపే యూరప్ లేబులు నిబంధన నుంచి మినహాయింపు కూడా ఇచ్చారు. పాత బండి బతకాలని కోరుకునే చట్టం అది. అక్కడ ఒకాయన సంతకం పెట్టి సరే అన్న బండిని, ఇక్కడ కూర్చుని మనం కాదంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆటోనగర్_బాషా:
ఇప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. మీకు టైరు మీద కాదు, మన దగ్గర కాగితం ఇవ్వరన్న దాని మీద కోపం. ఆ కోపం న్యాయమే తమ్ముడూ. మా ఆటోనగర్లో లారీలకు తొట్టెలు కట్టి, ఛాసిస్‌లు సరిచేసే మేస్త్రీలున్నారు. వాళ్ల పని చూసి బాగుందనో బాగోలేదనో రాసిచ్చే మనిషి ఉంటే నేనూ సంతోషిస్తాను.

కానీ సంతకం పెట్టినాయన ఆరోజు బండిని చూశాడు. ఇంకో పదేళ్ల తర్వాత టైరు ఎలా ఉంటుందో ఆయన రాసివ్వలేదు. మీరు కాగితం ఉంటే నడపొచ్చంటున్నారు. నేను కాగితం ఉన్నా టైరు చూసుకోవాలంటున్నాను. మన తగువు ఇదే. 2014 దగ్గర ఎంతసేపు కొట్టుకున్నా తెగదు.

పటమట_వంశీ:
కాగితం ఉన్నాక కూడా బండివాడు ప్రతి ఒక్కడికీ సంజాయిషీ చెప్పుకోవాలా? ఇక్కడ నాకు జరిగింది అదే.

మంగళగిరి_ప్రసాద్:
చెప్పుకోవాలి. రోడ్డు మీద మీరొక్కరే లేరు.

గుంటూరు_శ్రీను:
లక్ష్మి గారూ, మీరడిగాక తమ్ముడికి ఫోన్ చేసి బండి కాగితాలు ఫొటో తీసి పంపమన్నాను. 225/50 ఆర్15 ఎక్కించి ఉంది. రిమ్ములు మాత్రం నాలుగూ 8జె అని ఉంది. వెనక రిమ్ము లోపలి వైపు చూస్తే 9 అని పోత అక్షరాల్లో ఉందట. అంటే సంతకం అయ్యాక పాత ఓనరు వెనకవి మార్చేశాడు. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

బ్రాడీపేట_లక్ష్మి:
నా అనుమానమూ అదే. కాగితాల్లో లేని మార్పు వల్ల ప్రమాదానికి అవకాశం ఉందనుకుంటే జర్మనీలో బండి అనుమతే రద్దయినట్టు లెక్క. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. ఆ వెనక రిమ్ముల మీద కొత్త టైర్లు వేసినా, పాతవి వేసినా ఒకటే. ముందు అవి దిగాలి.

ఎలాగూ రిమ్ములు కొనాల్సిందే కాబట్టి ఈ లెక్క చూడండి. ఒరిజినల్ 175 ఆర్14 టైరు మొత్తం ఎత్తు 640 మిల్లీమీటర్ల దగ్గర. ఇప్పుడున్న 225/50 ఆర్15 ఎత్తు 606. దాదాపు 5 శాతం తక్కువ. అంటే స్పీడోమీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తూ ఉండి ఉంటుంది. అదే 16 అంగుళాల రిమ్ము మీద 225/50 ఆర్16 అయితే 631. తేడా 2 శాతంలోపే. 8జె రిమ్ముకు పట్టికలో సరిపోతుంది. 7జె తీసుకుంటే 205/55 ఆర్16 వేసుకోవచ్చు, ఎత్తు 632. ఆ సైజు మన బందరు రోడ్డులో కూడా దొరుకుతుంది, జర్మనీలో చెప్పక్కర్లేదు. ఈ వారం తయారైన టైరు అడిగి మరీ తెచ్చుకోవచ్చు.

పటమట_వంశీ:
16 వేస్తే ఆ బండి అందమే పోతుందండీ. 240జడ్‌కు 15 అంగుళాల ఎనిమిది పుల్లల రిమ్ము ఉంటేనే కళ. కాగితాల్లో 8జె ఉంది కాబట్టి వెనకకు కూడా అవే రిమ్ములు రెండు వెతకమనండి. కాగితం మార్చక్కర్లేదు, బండి రూపం పోదు. 2014 టైర్ల గురించి నా మాట మాత్రం మార్చుకోను.

ఆటోనగర్_బాషా:
15 ఉంచితే మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు సెమీ స్లిక్కు అయినా సరే కొత్తది వేయించి, వానలో బండి తీయొద్దని చెప్పండి శ్రీను గారూ. పాత సెట్టు మాత్రం వద్దు.

తెనాలి_కుర్రోడు:
16కి వెళితే ఫెండరు కింద తగలదా?

బ్రాడీపేట_లక్ష్మి:
ఫెండర్లు ఇప్పటికే వెడల్పు చేసి ఉన్నాయి. ఎత్తు పెరిగేది వ్యాసార్థంలో 13 మిల్లీమీటర్లే. ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్న కొలత) సరిగ్గా చూసుకుంటే చాలు. రిమ్ము కొనకముందే ఆఫ్‌సెట్, వెడల్పు రాసుకుని, ఆ లోడుకు రిమ్ము తయారీదారు ఇచ్చే పత్రంతో సహా తనిఖీ ఇంజనీరు దగ్గరికి వెళ్లి అడగమనండి. డబ్బు కట్టాక అడిగితే లాభం లేదు.

గుంటూరు_శ్రీను:
తమ్ముడితో మాట్లాడాను. 2014 సెట్టు వద్దని డీలరుకు చెప్పేశాడు. వంశీ గారూ, 15 అంగుళాల 8జె రిమ్ములు రెండు దొరుకుతాయేమో పాత పార్టుల వాళ్ల దగ్గర అడుగుతున్నాడు. తనిఖీలోగా దొరక్కపోతే లక్ష్మి గారు చెప్పిన 16తో ఇంజనీరు దగ్గరికి వెళతాడు. అప్పటిదాకా బండి గ్యారేజీలోనే.

మంగళగిరి_ప్రసాద్:
గ్యారేజీలో ఉంచినందుకు మీ తమ్ముడికి నా థాంక్స్ చెప్పండి.

పటమట_వంశీ:
రిమ్ములు వెతికేటప్పుడు బోల్టుల మధ్య కొలత 4 బై 114.3 అని గుర్తుంచుకోమనండి శ్రీను గారూ. వేరేది తెస్తే ఎక్కదు.