మట్టి మిద్దె, నాపరాళ్ల ఇల్లు, గండికోట ధాన్యాగారం: ధ్వనిని నమోదు చేయడం ఎలా?

ప్రశ్న (వయొలిన్ అధ్యాపకురాలు, కడప):
కట్టడాలకూ ధ్వనికీ ఉన్న సంబంధంపై పరిశోధన చేస్తున్నాను. చౌడు మట్టి కప్పిన పాత మిద్దెలోనూ, నాపరాళ్లు పరచి స్లాబు వేసిన ఇంట్లోనూ, వంపు కప్పున్న గండికోట ధాన్యాగారంలోనూ ఒకే రాగం వాయిస్తే స్వరం నిలిచే తీరు మారుతుందని చెవికి స్పష్టంగా తెలుస్తోంది. ఫోనులో రికార్డు చేస్తే మాత్రం ఆ తేడా దాదాపు పోతోంది. గది స్వభావమూ, చుట్టూ ఉన్న ఊరూ రెండూ వినిపించాలంటే ఏ పద్ధతి పాటించాలి?

జవాబు (ఇంజనీరు, అనంతపురం):
నమస్కారమండీ. ముందుగా ఫోనులో శబ్దస్థాయిని తనంతట తానే సర్దే ఏర్పాటునూ, నేపథ్య శబ్దాన్ని తొలగించే ఏర్పాటునూ ఆపండి. మొదటిది, గదిని పరీక్షించడానికి కొట్టే చప్పట్ల తర్వాత సన్నగా మిగిలే నాదాన్ని పైకి లేపుతుంది, రెండవది దాన్నే కత్తిరిస్తుంది.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని సరిచేసే పని భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్‌కు అప్పగించారు. ఆయన ఆర్గన్ వాద్యపు గొట్టం, స్టాప్‌వాచీ, వేరొక థియేటరు నుంచి తెచ్చిన కుర్చీల మెత్తలతో ప్రయోగాలు చేసి, ప్రతినాద కాలం (శబ్దం ఆగాక నాదం 60 డెసిబెల్లు తగ్గడానికి పట్టే సమయం) గది ఘనపరిమాణంతో పెరిగి, శోషణతో, అంటే గోడలూ వస్తువులూ శబ్దాన్ని పీల్చుకోవడంతో, తగ్గుతుందని నిరూపించాడు. ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే సెకన్లు వస్తాయి. ఐదు, నాలుగు, మూడు మీటర్ల కొలతలున్న ఖాళీ గదిలో అన్ని వైపులా శోషణ గుణకం 0.02 ఉన్న, అంటే తాకిన శబ్దంలో వందకు రెండు పాళ్లే పీల్చుకునే, రాయే ఉందనుకుంటే, నాదం సుమారు 5 సెకన్లు నిలుస్తుంది. రెండు చదరపు మీటర్ల తలుపు ఒక్కటి తెరిస్తే, అక్కడికి చేరిన శబ్దమంతా బయటికి పోతుంది కాబట్టి అది 2.5 సెకన్లకు పడిపోతుంది. కాబట్టి కొలతలతో పాటు తలుపులు, కిటికీలు ఎలా ఉన్నాయో, లోపల ఎంతమంది ఉన్నారో తప్పక రాయండి. ఊరి రొద వల్ల 60 డెసిబెల్ల తగ్గుదల మొత్తం దొరకదు. 20 లేదా 30 డెసిబెల్ల భాగాన్ని కొలిచి, లెక్కను పొడిగించడమే ఆనవాయితీ.

జవాబు (ధ్వని నమోదు చేసేవారు, కర్నూలు):
సాబిన్ లెక్క అవసరమే, కానీ అందులో ఊరు లేదు. కెనడాలోని వాంకూవర్ పరిసర ధ్వనులను 1970ల్లో నమోదు చేసిన స్వరకర్త మర్రీ షేఫర్ బృందం, ఒక చోట ఎప్పుడూ ఉండి ఎవరూ గమనించని శబ్దాన్నీ, హెచ్చరించే శబ్దాన్నీ, ఆ చోటికే గుర్తుగా నిలిచే శబ్దాన్నీ వేరు చేసి చూసింది. మన కొండారెడ్డి బురుజు దగ్గర ఆటోల హోరు మొదటి కోవలోకి వస్తుందని నా అభిప్రాయం. ఖాళీ గదిలో చప్పట్లు ఒకసారి, మనుషులు మామూలుగా మసలుతుండగా అదే స్థానం నుంచి మరోసారి, వారి అనుమతి అడిగి నమోదు చేయండి. గండికోటలో పెన్నా లోయ అంచున గాలి ఎక్కువ. మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే గాలి కొట్టుకోవడమే మిగులుతుంది.

జవాబు (భవన నిర్మాణ మేస్త్రీ, తాడిపత్రి):
అమ్మా, మిద్దెలనే ముందు పట్టుకోండి. దూలాలు పుచ్చిపోతే ఇప్పుడు చౌడు పోసేవాళ్లు దొరకక స్లాబు వేసేస్తున్నారు. ఇల్లు పడగొట్టబోయే యజమానిని అడిగి, మైకు ఉంచిన చోటును గోడల నుంచి కొలిచి రాసుకుంటే, స్లాబు పడ్డ తర్వాత అదే చోటి నుంచి మళ్లీ రికార్డు చేయవచ్చు.