క్రుచోనిఖ్ 1912 కార్డులు: ప్రచార సరుకా, అసలు ప్రింట్లా?

నీలిరాయి: 1912లో మాస్కోలో రష్యన్ కవి అలెక్సేయ్ క్రుచోనిఖ్ వేయించిన పోస్ట్‌కార్డులు (లారియోనోవ్, గొంచరోవా తదితరుల బొమ్మలు) ఒట్టి ప్రచారమని ఇక్కడొకరు రాశారు. ఒప్పుకోను. ప్రచార కార్డంటే పెయింటింగ్‌ను ఫొటో తీసి, బ్లాకు చేయించి కొట్టేది. ఇవి లిథోలు, అంటే రాయి మీద గీసిన బొమ్మ నుంచి తీసిన అచ్చులు. క్రేయాన్ గీతే రాయి మీంచి కార్డు మీద పడింది. మధ్యలో కెమెరా లేదు, కాబట్టి ఇవి చిత్రకారుల అసలు ప్రింట్లే.

పాతకార్డులు: లిథో అయితే ప్రచారం కాదా? అదే ఏడాది మార్చిలో 'గాడిద తోక' ప్రదర్శన పెట్టిందీ వీళ్లే. కాన్వాసు ఒక్క గోడకే ఉంటుంది, అరచేతంత కార్డు ఏ ఊరికైనా పోతుంది.

సుధ_ప్రింట్స్: లిథో అని ఎలా తేల్చుకోవాలండీ? నాకొకరు ఆఫ్‌సెట్ కార్డు (ఫొటో తీసి యంత్రం మీద కొట్టిన నకలు) అంటగట్టారు.

నీలిరాయి: పది రెట్ల లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూడండి. ఆఫ్‌సెట్‌లో చుక్కలు వరుసగా ఉంటాయి. క్రేయాన్ లిథోలో గీత అంచున రాతి గరుకును బట్టి గింజలు అడ్డదిడ్డంగా ఉంటాయి. చుక్కలు లేకపోయినా నమ్మేయకండి, నల్లగీతల నకలుకు చుక్కలు అక్కర్లేదు. అతినీలలోహిత దీపం కింద కాగితం నీలంగా మెరిసిందా, 1950ల నాటిదో తర్వాతిదో.

ప్రెస్‌మామ: నేరుగా రాయి మీద రాస్తే అక్షరాలు తిరగేసి రాయాలి. ట్రాన్స్‌ఫర్ కాగితం (దాని మీద గీస్తే గీత రాయి మీదికి దిగుతుంది) మీదైతే మామూలుగానే. తర్వాత బంక నీళ్లలో కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపి పూస్తారు. ఘాటెక్కువైతే సన్నగీతలు పోతాయి. అచ్చేసేటప్పుడు రాయిని తడిగా ఉంచాలి, ఆరితే ఖాళీచోటంతా సిరా పట్టేస్తుంది.

పాతకార్డులు: ట్రాన్స్‌ఫర్ కాగితం వాడితే చిత్రకారుడు రాయినే ముట్టలేదన్నమాట. ఇంకేం అసలు ప్రింటు?

నీలిరాయి: గీత ఎవరిదన్నది అడగండి. రాయి ఎవరు మోశారన్నది కాదు!

సుధ_ప్రింట్స్: కొంచెం నెమ్మదిగా అండీ.

పాతకార్డులు: సరే, 1914 'నేటి లుబోక్' (లుబోక్ అంటే రష్యన్ జానపద అచ్చుబొమ్మ) చూడండి. మలేవిచ్ బొమ్మ, మయకోవ్‌స్కీ పద్యం, జర్మన్లను చితకబాదే రైతులు. అవీ లిథోలే, పచ్చి యుద్ధ ప్రచారం. 1928 స్పార్తకియాద్ అనే సోవియట్ క్రీడోత్సవానికి చిత్రకారుడు క్లుత్సిస్ చేసిన కార్డులు పూర్తిగా ఫొటోమాంటేజ్, అంటే ఫొటో ముక్కల కూర్పు. కెమెరా ఉంది కాబట్టి మీ లెక్కన అది కళ కాదు.

నీలిరాయి: కళే. క్లుత్సిస్ వాటిని కార్డు కోసమే కూర్చాడు. ఏ పెయింటింగ్‌కీ నకలు కాదు.

పాతకార్డులు: అంటే మీకు అడ్డం కెమెరా కాదు, 'ప్రచారం' అనే మాటే. పని కోసం, అమ్మకం కోసం చేసింది తక్కువ కళని మీ నమ్మకం. నాకు ఆ పట్టింపు లేదు. గొంచరోవా తన పేరు జనానికి తెలియాలని కార్డు వేయిస్తే ఆ గీత విలువ ఎందుకు తగ్గాలి?

నీలిరాయి: తగ్గదు. కానీ ప్రచారమని ముద్ర వేశాక ఆ గీతను లూప్‌తో చూసేవాడుండడు. నా బాధ అదీ.