కాన్‌స్టబుల్ చిత్రంలోని స్టోన్‌హెంజ్: ఉన్నది ఉన్నట్లు గీసినదేనా?

ప్రశ్న:
ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1835లో నీటిరంగులతో గీసిన స్టోన్‌హెంజ్ (ఇంగ్లండులో వేల ఏళ్ళ నాటి పెద్ద రాళ్ళ వలయం) చిత్రాన్ని ఇప్పటి ఫోటోల పక్కన పెట్టి చూస్తే, ఇవాళ నిటారుగా నిలిచిన రాళ్ళు కొన్ని అందులో పడిపోయి, ఒరిగిపోయి ఉన్నాయి. ఆయన కళ్ళారా చూసినదే గీశారా, లేక బొమ్మకు గంభీరత రావాలని మార్చుకున్నారా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
రాళ్ళ విషయంలో ఆయనను నమ్మవచ్చునండి. రెండు నిలువు రాళ్ళు, వాటిపై దూలంలా అడ్డంగా ఒక రాయి ఉన్న కట్టడం ఒకటి 1797 జనవరిలో కూలిపోగా, దానిని 1958లో గాని తిరిగి నిలబెట్టలేదు. బాగా ఒరిగి ఉన్న మరో పెద్ద రాతిని 1901లో సరిచేశారు. కాన్‌స్టబుల్ 1820 జూలైలో అక్కడికి స్వయంగా వెళ్ళి గీసుకున్న చిత్తుబొమ్మే ఈ చిత్రానికి ఆధారం. కనుక మీకు కనిపించిన తేడాలో ఎక్కువ పాలు తరువాతి మరమ్మతులదే.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే, ఆకాశాన్ని వేరుగా చూడాలని మనవి. ఆ కారుమబ్బులు, జంట హరివిల్లు 1820 నాటివి కావు. 1828లో భార్యను పోగొట్టుకున్న మనిషి, ఆ చిత్తుబొమ్మ గీసిన పదిహేనేళ్ళ తరువాత తన గదిలో కూర్చుని వేసినవి. ఎడమవైపు కింది మూల పరుగెత్తుతున్న కుందేలును చూడండి: దానిని వేరే కాగితపు ముక్కపై వేసి అతికించారు. వేల ఏళ్ళ రాళ్ళ పక్కన, మరుక్షణంలో బొమ్మ దాటిపోయే ఆ ప్రాణి నాకు ఎంతో ఇష్టం. అదే స్టోన్‌హెంజ్‌ను మరో ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ గీసినప్పుడు పిడుగుపాటుకు గొర్రెలతో పాటు కాపరి కూడా నేలకూలి ఉంటాడు, పక్కన కుక్క మోరెత్తి ఏడుస్తుంటుంది.

జవాబు 3:
జర్మనీకి చెందిన కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1807లో గీసిన మంచు చిత్రాన్ని కూడా చూడండి. మోడువారిన మూడు ఓక్ చెట్ల నడుమ ఒక రాతి సమాధి ఉంటుంది. అటువంటి సమాధులను జర్మన్లు ‘హ్యూనెన్‌గ్రాబ్’ అంటారు, అంటే మహాకాయుల సమాధి అని అర్థం. మన ఖమ్మం ప్రాంతపు పల్లెల్లో ఇటువంటి రాతి సమాధులనే రాక్షస గుళ్ళు అంటారు. అంతంత బండలను మామూలు మనుషులు ఎత్తి ఉంటారని అక్కడివారికీ తోచలేదు, ఇక్కడివారికీ తోచలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇన్నిసార్లు చూసినా ఆ కుందేలు నా కంటపడలేదు. ఇప్పుడు ముందుగా అదే కనిపిస్తోంది.