దూలగొండి పొడి ఉండగా పార్కిన్సన్స్‌కి మాత్ర ఎందుకు?

బ్రాడీపేట_4:
పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి దూలగొండి గింజల పొడి చాలని, లెవోడోపా మాత్ర మానెయ్యొచ్చని గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. రెండిట్లో ఉన్న మందు ఒకటేనట. ఒకటే అయితే మానితే తప్పేంటి? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

ఆయుర్వేదం_గుంటూరు:
ఒకటే అన్నమాట నిజమండీ. దూలగొండి గింజలోంచి లెవోడోపాని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు. మాత్రలు వాడుకలోకి రాకముందు సంగతి అది. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో ఎనిమిదిమంది రోగులకి 30 గ్రాముల దూలగొండి మందు ఇచ్చి, 200 మి.గ్రా. లెవోడోపా మాత్రతో పోల్చారు. మాత్రకి సగటున 68 నిమిషాలు పడితే దీనికి 35 నిమిషాల్లోనే గుణం కనబడింది. పైగా 37 నిమిషాలు ఎక్కువసేపు నిలిచింది. కంపవాతానికి (పార్కిన్సన్స్‌కి) ఆత్మగుప్త, అంటే దూలగొండి, వాడమన్న మన వైద్యాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి.

ఫార్మసీ_సూర్యారావుపేట:
ఆ 30 గ్రాముల్లో లెవోడోపా ఎంతుందో కూడా చెప్పాలి కదండీ. 1000 మి.గ్రా. పక్కన పెట్టిన మాత్రలో 200. అయిదు రెట్లు ఎందుకు పట్టిందన్నదే అసలు సంగతి.

పార్కిన్సన్స్‌లో మెదడులో తగ్గిపోయే రసాయనం డోపమైన్. అది రక్తంలోంచి మెదడులోకి పోలేదు, లెవోడోపా పోగలదు. లోపలికి చేరాక నాడీకణం దాన్ని డోపమైన్‌గా మార్చి, పక్క కణానికి సంకేతంగా వదులుతుంది. అయితే ఇలా మార్చే ఎంజైము పేగులోనూ కాలేయంలోనూ కూడా ఉంది. అందుకే మింగినదాంట్లో చాలా భాగం దారిలోనే డోపమైన్ అయిపోయి, మెదడుకి అందకపోగా వాంతులు తెప్పిస్తుంది. మాత్రలో కార్బిడోపా కలిపేది మెదడు బయట ఆ ఎంజైముని ఆపడానికే. అది తోడుంటే లెవోడోపా నాలుగో వంతు చాలు.

ఇప్పుడు తూకం వెయ్యండి. 100+25 మాత్ర (100 మి.గ్రా. లెవోడోపా, 25 మి.గ్రా. కార్బిడోపా) ఒక్కదానికి సాటి రావాలంటే కార్బిడోపా లేని లెవోడోపా సుమారు 400 మి.గ్రా. కావాలి. పొడిలో 5 శాతం ఉంటే 8 గ్రాములు, 3 శాతమే ఉంటే 13 గ్రాముల పైమాట. రోజుకి మూడు మాత్రలు వేసుకునేవారికి 24 నుంచి 40 గ్రాములన్నమాట. ఆ డబ్బా మీద శాతం రాసి ఉందా? చాలావాటి మీద ఉండదు.

బ్రాడీపేట_4:
నీళ్లలో పొడి కలిపి చిటికెడు వంటసోడా వేస్తే నల్లబడుతుందట. దాన్నిబట్టి శాతం తెలుస్తుందా?

ఫార్మసీ_సూర్యారావుపేట:
తెలీదండీ. క్షారంలో లెవోడోపా నల్లబడే మాట నిజమే కానీ, గింజ తోలులోని ఇతర పదార్థాలూ రంగు మారతాయి. ఎంతుందో ల్యాబులో కొలవాల్సిందే.

ఆయుర్వేదం_గుంటూరు:
శాతం మారుతుందని ఒప్పుకుంటాను. తయారీలోనూ పోతుంది. గింజల్ని నీళ్లలో నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే మందు కూడా వాటితోనే పోతుంది. మేం ఆవుపాలలో ఉడికించి, తోలు తీసి, ఎండబెట్టి దంచుతాం. తేమ తగిలి రంగు మారిన పొడి వాడకూడదు. అయినా మాత్ర మానమని నేను అనడం లేదు. మాత్రకి తోడుగా రోజుకో చెంచా ఇస్తే నష్టమేముంది?

న్యూరో_బెజవాడ:
నష్టం అక్కడే ఉందండీ. చెంచా పొడి 5 గ్రాములనుకోండి, 5 శాతం లెక్కన 250 మి.గ్రా. లెవోడోపా. ఒక్క పొడే వేసుకుంటే అది మాత్రలోని 60 మి.గ్రా. పాటి పని చేస్తుంది. అదే చెంచా మాత్రతో కలిపి వేసుకుంటే, మాత్రలోని కార్బిడోపా పొడిలోని లెవోడోపాకి కూడా కాపు కాస్తుంది. అప్పుడది అదనంగా రెండున్నర మాత్రలు మింగినట్టే. మెడ, భుజాలు వాటంతటవే మెలికలు తిరగడం, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, పెద్దవాళ్లకి లేనివి కనబడడం దీనివల్లే.

ఇంతకంటే ప్రమాదం తర్వాత ఉంది. పొడి సంగతి తెలియని డాక్టరు ఆ మెలికలు చూసి మాత్రలు తగ్గిస్తారు. మాత్రతోపాటు కార్బిడోపా తగ్గుతుంది, దాంతో పొడి బలమూ పడిపోతుంది. రెండూ ఒకేసారి చాలకుండా పోయి మనిషి బిగుసుకుపోతాడు. ఆ ఎంజైముని సరిగ్గా ఆపాలంటే కార్బిడోపా రోజుకి 70 నుంచి 100 మి.గ్రా. ఉండాలి. 100+10 మాత్రలు మూడు వాడేవారికి అసలే 30 దాటదు.

మాత్ర ఒక్కసారిగా మానడం మరీ అపాయం. తీవ్రమైన జ్వరంతో ఒళ్లంతా కొయ్యబారి ప్రాణం మీదికి రావచ్చు. 16 వారాలపాటు పొడిని పరీక్షించిన ఒక చిన్న ప్రయోగంలో 14 మందిలో ఏడుగురు మధ్యలోనే ఆపేశారు, నలుగురు పొట్ట బాధలతో, ముగ్గురు కదలికలు క్షీణించి.

బ్రాడీపేట_4:
మరి పొద్దున పెసరట్టుతోపాటు మాత్ర వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యదంటారు, నిజమేనా?

న్యూరో_బెజవాడ:
నిజమే. మాంసకృత్తులు అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలూ, లెవోడోపా ఒకే ద్వారం గుండా పేగు దాటాలి, మెదడులోకీ పోవాలి. ఎండు పెసలు వంద గ్రాముల్లో 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. అందుకని మాత్ర తిండికి అరగంట ముందు నీళ్లతో వేసుకోవాలి. పొడిని గ్లాసెడు పాలలో కలిపినా ఇదే చిక్కు. ఐరన్ మాత్రకి రెండు గంటలు ఎడం ఇవ్వండి. కార్బిడోపా లేకుండా ఒక్క పొడే వాడేవారు బీ కాంప్లెక్స్ సంగతీ చూసుకోవాలి. అందులోని బీ6 ఎక్కువైతే లెవోడోపా దారిలోనే ఇంకా త్వరగా ఖర్చయిపోతుంది.

ఇప్పటికే పొడి వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, పెంచకండి. ఎన్నింటికి ఎన్ని గ్రాములో తూచి వారంపాటు రాసి, ఆ కాగితంతోపాటు డబ్బా కూడా డాక్టరు ముందు పెట్టండి.