16 ఏళ్ల అమ్మాయికి మొదటి షాట్‌గన్: ఏ బోరు, ఎంత బరువు?

సీతమ్మధార నాన్న:

నమస్కారం. మా అమ్మాయికి ఈ మధ్యే 16 ఏళ్లు నిండాయి. రెండేళ్లుగా ఇక్కడ విశాఖలోనే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. పోయిన దసరా సెలవులకు హైదరాబాదు వెళ్లినప్పుడు మా బావమరిది ఒక రేంజికి తీసుకువెళ్లి ట్రాప్ (యంత్రం గాలిలోకి విసిరే పళ్లేలను షాట్‌గన్‌తో కాల్చే ఆట) సాధన చూపించాడు. ఆనాటి నుంచి కదలని గురి మీద దానికి మనసు నిలవడం లేదు. గాలిలోకి లేచిన ఆ నారింజరంగు పళ్లాన్ని తన చేతులతో పొడి చేయాలన్నదే ధ్యాసగా ఉంది.

నర్సీపట్నంలో మా నాన్నగారి దగ్గర పంట రక్షణ కోసం లైసెన్సు తీసుకున్న పాత జంట గొట్టాల 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు; అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం) తుపాకీ ఒకటి ఉంది. అడవిపందులను బెదరగొట్టడానికి తప్ప ఆయన దానిని బయటికి తీయరు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో జమ చేసి, అవి ముగిశాక తెచ్చుకోవడమే దానితో మాకు ఎక్కువగా పడే పని. వడ్రంగి చేత దాని చెక్కపిడి రెండంగుళాలు కోయించి మనవరాలికి ఇస్తే సరిపోతుందని నాన్నగారు అంటున్నారు. చిన్నపిల్లకు 410 బోరు అయితే భుజం నొప్పి ఉండదు కనుక అదే కొనమని బావమరిది పట్టుబడుతున్నాడు. అమ్మాయి ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 44 కిలోలు. ఈ ఇద్దరి మాటల్లో ఏది సబబో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాత నేవీ మనిషి, ఎం.వి.పి. కాలనీ:

రెండూ సబబు కావు. 410 చేతిలోకి తీసుకుంటే బొమ్మలా తేలికగా ఉంటుంది కాబట్టి పిల్లలకు తగినదని అందరూ అనుకుంటారు. కానీ దాని మామూలు తూటాలో సుమారు 14 గ్రాముల గుళ్లు (తూటాలో నింపే చిన్న చిన్న గుండ్లు) పడితే, ట్రాప్ పోటీలో 12 బోరుకు 24 గ్రాముల వరకు అనుమతి ఉంది. గుళ్లు తక్కువైతే అవి గాలిలో పలచగా పరుచుకుంటాయి; 110 మిల్లీమీటర్ల పళ్లెం వాటి సందులోంచి చెక్కుచెదరకుండా వెళ్లిపోతుంది. గురి సరిగ్గా ఉండి కూడా పళ్లెం పగలకపోతే నేర్చుకునే పిల్ల తప్పు తనదే అనుకుంటుంది. అది చేయి తిరిగినవారు సరదాకు వాడుకునే తుపాకీ.

నాన్నగారి తుపాకీ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడవలసినది. ఆ కాలపు జంట గొట్టాల్లో చాలావాటికి తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లే ఉంటుంది, ఇప్పటి తూటాలు 70. తూటా మీద రాసే కొలత పేలి మూతి విచ్చుకున్న తరువాతి పొడవు కనుక, 70 తూటా ఆ గదిలోకి హాయిగా దిగిపోతుంది, అనుమానం రానివ్వదు. పేలినప్పుడు మూతి పూర్తిగా విచ్చుకునే చోటు లేక లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టాలు విప్పి, వాటి అడుగున చదునుగా ఉండే భాగం మీద ఏ అంకె చెక్కి ఉందో చూడండి. చెక్కపిడి కోయించాలన్న మాట వచ్చింది కనుక ఇదీ చెబుతున్నాను: గొట్టాన్ని మాత్రం ఎవరి మాట విని కోయించవద్దు, ఆయుధాల చట్టం 6వ సెక్షను లైసెన్సు లేకుండా ఆ పని చేయడాన్ని నిషేధిస్తుంది.

గాజువాక అక్క:

నేను 17వ ఏట మొదలుపెట్టాను, అప్పటికి మీ అమ్మాయి కంటే పెద్ద ఒళ్లేమీ కాదు. ఆడపిల్ల అని నాకు అరువు తెచ్చి ఇచ్చిన 20 బోరు తుపాకీ రెండున్నర కిలోలు కూడా లేదు. మోయడానికి సుఖమే, కానీ తుపాకీ ఎంత తేలికైతే వెనక్కి అంత గట్టిగా తంతుందని నాకు ఎవరూ చెప్పలేదు. పదిహేను తూటాలకే దవడ కమిలింది. నెల తిరిగేసరికి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునే అలవాటు పడింది. అది వదిలించుకోవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు వాడుతున్నది ఒకదాని మీద ఒకటి గొట్టాలు ఉండే 12 బోరు, మూడు కిలోల మూడు వందల గ్రాములు, 24 గ్రాముల తూటా. 28 గ్రాముల తూటా నుంచి 24కు దిగితే గుళ్ల బరువులో ఏడో వంతు తగ్గుతుంది, ఆ తేడా భుజానికి వెంటనే తెలుస్తుంది. 20 బోరు తూటాలు దుకాణంలో దొరకడం కూడా మన వైపు కష్టమే.

బోరు కంటే ముందు చూడవలసింది కొలత. తుపాకీని భుజానికి ఎత్తి చెంప ఆనించినప్పుడు, పట్టుకున్న చేతి బొటనవేలికీ ముక్కుకూ నడుమ రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సందు లేకపోతే వేలే ముక్కును గుద్దుతుంది, మరీ ఎక్కువైతే మనిషి నడుము వెనక్కి వంచి నిలబడుతుంది.

ఇంకొక పరీక్ష చేయించండి. రెండు చేతులూ చాచి, అరచేతుల నడుమ చిన్న కంత చేసి, రెండు కళ్లూ తెరిచి దూరంలోని ఒక దీపస్తంభాన్ని అందులోంచి చూడమనండి. తరువాత ఒక్కొక్క కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు స్తంభం కంతలోనే నిలుస్తుందో గురి ఆ కంటిది. పళ్లేలను రెండు కళ్లూ తెరిచి కాల్చాలి కనుక ఈ విషయం తుపాకీ కొనక ముందే తెలియాలి.

లైసెన్సు సందేహాలు:

చట్టం సంగతి క్లుప్తంగా రాస్తాను. 1959 నాటి ఆయుధాల చట్టం 9వ సెక్షను ప్రకారం 21 ఏళ్లు నిండనివారు తుపాకీని సంపాదించకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. నిర్ణీత వయసు దాటినవారు శిక్షణలో భాగంగా నిర్ణీత షరతులతో వాడటానికి మాత్రం అదే సెక్షను వీలిస్తుంది. కాబట్టి అమ్మాయికి తుపాకీ ఇవ్వడం అనే ఆలోచన మానుకుని, గుర్తింపు ఉన్న క్లబ్బులో చేర్పించి, శిక్షకుడి ఎదుట అక్కడి తుపాకీతో సాధన చేయించండి. పంట రక్షణకు ఇచ్చిన లైసెన్సును చూపి ఆ తుపాకీతో మనవరాలికి ట్రాప్ నేర్పించడం కుదరదు. మీరు నగరంలో ఉంటారు కనుక దరఖాస్తు వివరాలు పోలీసు కమిషనరేటులో అడగండి.

సీతమ్మధార నాన్న:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం నర్సీపట్నం వెళ్లి నాన్నగారి చేతనే గొట్టాలు విప్పించి చూశాము. నూనె మరక తుడిస్తే 65 అంకె కనిపించింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత వడ్రంగి మాట ఎత్తలేదు.

అసలు ఆశ్చర్యం రెండో పరీక్షలో ఎదురైంది. కుడిచేతి వాటం అమ్మాయికి గురి ఎడమ కంటిదని తేలింది. రైఫిల్ కాల్చేటప్పుడు ఎడమ కంటికి అట్టముక్క అడ్డం పెట్టుకుంటుంది కనుక రెండేళ్లలో ఈ సంగతి బయటపడలేదు. ఇప్పుడేమి చేయాలి?

పాత నేవీ మనిషి, ఎం.వి.పి. కాలనీ:

ఎడమ కంటి అద్దం మీద చిన్న మసక టేపు అతికించి కుడి భుజంతో కొనసాగేవారు ఉన్నారు. అయితే మీ అమ్మాయి షాట్‌గన్ ఇంకా పట్టనేలేదు, మానుకోవలసిన అలవాటూ లేదు కనుక నేనైతే ఎడమ భుజంతోనే మొదలుపెట్టిస్తాను. మామూలు తుపాకుల చెక్కపిడి కుడిచేతివారికి అనువుగా కొద్దిగా పక్కకు ఒంచి ఉంటుంది. అందుచేత ఎడమవాటం తుపాకీ గానీ, వంపు లేని పిడి గానీ ఉన్న క్లబ్బును ముందు వెతకండి. రెండు మూడు వందల తూటాలు అక్కడ కాల్చాక మళ్లీ రాయండి, బరువు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.