ఆప్ వినిపెట్టిన పిట్టను లిస్టుల రాయొచ్చా?

వడ్డేపల్లి కట్ట: ఆదివారం పొద్దుగాల పాకాలకు పోయిన. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ ఆప్ ఆన్ చేస్తే 20 నిమిషాల్ల 31 పిట్టల పేర్లు చూపెట్టింది, నేను కండ్లతోని చూసినయి 14. మిగిలిన 17ను, పిట్టల లిస్టులు రాసే సైట్ ఈబర్డ్‌ల ఎక్కియ్యాల్నా వద్దా?

ధర్మసాగర్ పెద్దన్న: ఎక్కియ్యకు తమ్మీ. ఆప్ విన్నది నువ్వు విన్నట్టు కాదు. ఏటూరునాగారం అడవిల నా ఫోన్ సర్పెంట్ ఈగిల్ అని చూపెట్టింది, ఆకాశమంత ఎతికిన, గద్ద లేదు. వెదురు పొద మీద రాకెట్ టెయిల్ డ్రాంగో కూసున్నది, అదే తోకకు రెండు పొడుగు పుల్లలు, కొసకు ఆకు అసొంటిది వేలాడేది. గద్ద కూతను మక్కికి మక్కి అదే కూస్తున్నది!

హనుమకొండ మేడ: అన్నా, ఆ డ్రాంగో మా మేడ మీదికి రాదు గదా. నేను టుక్ టుక్ అని కొట్టే కంసాలి పిట్టను వింటే ఎందుకు రాయొద్దు? విన్న పిట్టను ఈబర్డ్ ఒప్పుకుంటది, కాకపోతే గుర్తువట్టింది మనమై ఉండాలె.

లక్నవరం 07: ఫోటో లేంది నేను నమ్మ. పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ 1931-32ల నిజాం రాజ్యం సర్వే చేసిన్నాడు పిట్టను కొట్టి తోలు దాసేటోళ్లు, అది రుజువు. ఇప్పుడు దాని జాగల ఫోటో.

హనుమకొండ మేడ: పోయినేడు మీరు ఇక్కడ శిక్రా డేగ అని పెట్టిన ఫోటో, డేగ అసొంటి కోకిల హాక్ కుకూది అన్నా. ముక్కు కొస కొక్కెం లెక్క లేదు, కంటి చుట్టు పసుపు రింగు స్పష్టంగ కనవడ్తున్నది. ఎండకాలం రాత్రిళ్లు గొంతు పెంచుకుంట పెంచుకుంట కూసేది అదే, ఒక్కసారి కూత వింటే మీరు ఆ తప్పు చెయ్యకపోదురు.

లక్నవరం 07: శిక్రానే. తోక పట్టీలు చూడుండ్రి.

హనుమకొండ మేడ: పట్టీలు రెండింటికీ ఉంటయి!

లక్నవరం 07: మీ దగ్గర బైనాక్యులర్సే లేవు, మీరు నాకు చెప్తున్నరా?

వడ్డేపల్లి కట్ట: అన్నా, జర ఆగు.

హనుమకొండ మేడ: లేవు. తెల్లారి అయిదున్నరకు ఒక్కదాన్నే చెరువు కట్ట మీద నిలవడితే ఎవరెవరొచ్చి ఏమేం అడుగుతరో మీకు తెల్వది, అందుకే మేడ మీద కూసోని వింట. రెండేండ్ల కింద ఒక గ్రూపుతోని పోయినప్పుడు చెల్కల కూసేది మామూలు తీతువు కాదు, పసుపు తిత్తి తీతువు అని కూత వట్టి చెప్పిన. ఫోటో ఉన్నదా అన్నరు. కాళ్లు పసుపేనా అని ఒకాయన, కాళ్లు రెండింటికీ పసుపే, చూడాల్సింది ముఖం మీది తిత్తి! పావుగంటకు కెమెరా ఆయన అదే పిట్టను తీసిండు, ఆయన పేరు మీద రాసుకున్నరు. నా మాట మాటే కాదా?

పసులపోలిగాడు: అక్క చెప్పింది నిజం, మా గ్రూపుల గూడ గంతే.

ధర్మసాగర్ పెద్దన్న: బిడ్డా, నా అనుమానం ఫోన్ మీద, నీ మీద కాదు. మా నాయన గొర్లు కాసెటోడు, తీతువు అరుస్తుంటే ఆగి, గులకరాళ్లల్ల దాని నాలుగు గుడ్లు ఎక్కడున్నయో వేలు వెట్టి చూపెట్టేటోడు. ఇప్పటి పిల్లలు పిట్ట కూస్తే తల ఎత్తుతలేరు, స్క్రీన్ దిక్కు వంగుతున్నరు. నా బాధ అది.

హనుమకొండ మేడ: నాకు అట్ల నేర్పే నాయన లేడు అన్నా. ఆప్ పేరు చెప్పినంక బంద్ చేసి, అదే కూత నాలుగు పొద్దులు వట్టిగ వింట, అప్పుడే రాస్త.

ధర్మసాగర్ పెద్దన్న: అట్ల అయితే రాయి. నేను మాత్రం చూడంది రాయ.

వడ్డేపల్లి కట్ట: రికార్డింగ్ మళ్ల విన్న. 17ల ఆరు నా చెవితోని గుర్తువట్టిన, అవి ఉంచిన, 11 తీసేసిన.

ధర్మసాగర్ పెద్దన్న: ఆరు గూడ ఎక్కువే తమ్మీ.

లక్నవరం 07: ముక్కు పెద్దగ చేసి చూసిన. కొక్కెం లేదు. పేరు మార్చిన.