ఏచూరి ప్రసంగాన్ని దూరదర్శన్ నిజంగా నిషేధించిందా? కరపత్రంలో ఏం రాయాలి?

హన్మకొండ చౌరస్తా:
సెప్టెంబర్ 12 సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి వర్ధంతి. ఇక్కడ జరిగే సంస్మరణ సభకు ఒక పేజీ కరపత్రం వేస్తున్నారు, ప్రూఫు దిద్దే పని నాది. అందులో ఒక వాక్యం: "2024 ఎన్నికల్లో ఏచూరి ప్రసంగాన్ని కేంద్ర ప్రభుత్వం దూరదర్శన్‌లో నిషేధించింది." ఈ మాట నిలబడుతుందా? పదాలు తీసేయమన్నది ఎన్నికల సంఘమా, దూరదర్శనా? ఆ కిందే "ప్రసార భారతి (దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే సంస్థ) అధికార పార్టీ బాకా" అని ఉంది. అభిప్రాయంగా సరే. కానీ సభలో ఎవరైనా లేచి రుజువేదీ అంటే చూపడానికి ఏముంది? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల తిట్లు మాత్రం వద్దు.

వడ్డేపల్లి చెరువు:
"నిషేధించింది" తీసెయ్యండి, తప్పు. 2024 మేలో జరిగింది ఇది: ఎన్నికల ప్రసంగం ఇంగ్లీషు ప్రతిలో "కమ్యూనల్ అథారిటేరియన్ రెజీమ్" (మతతత్వ నియంతృత్వ పాలన), "డ్రకోనియన్ లాస్" (క్రూర చట్టాలు) అన్న మాటలు తీసేయమన్నారు. పాలన గురించి వాడిన "బ్యాంక్రప్టసీ" (దివాలా)ని "ఫెయిల్యూర్" (వైఫల్యం)గా మార్చమన్నారు. అదే సమయంలో ఫార్వర్డ్ బ్లాక్ నాయకుడు దేవరాజన్‌ను, పౌరసత్వ సవరణ చట్టం ప్రస్తావనలో "ముస్లింలు" అన్న పదం వదిలేయమన్నారు.

ఎవరు అన్నారంటే, దూరదర్శన్, ఆకాశవాణి. ఎన్నికల సంఘం మార్గదర్శకాలనే పాటించామని వాళ్ల వివరణ. ఈ ఏర్పాటు పనిచేసే తీరు తెలిస్తే గందరగోళం ఉండదు. గుర్తింపు ఉన్న పార్టీలకు రెండు సంస్థల్లోనూ ఉచిత సమయం 1998 నుంచి ఇస్తున్నారు. ప్రతి పార్టీకీ కొంత కనీస సమయం ఉంటుంది, గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి అదనపు నిమిషాలు కలుస్తాయి. ఏ పార్టీకి ఏ రోజన్నది లాటరీ. నామినేషన్ల గడువు ముగిశాక మొదలై, పోలింగ్‌కు రెండు రోజుల ముందే అయిపోవాలి. ప్రసంగ పాఠాన్ని ముందే ఇవ్వాలి, అధికారులు చదివి సరే అన్నాకే ప్రసారం. మీ వాక్యంలో చెప్పాల్సింది ఈ మెట్టు దగ్గర జరిగిన సంగతి. నిబంధన సంఘానిది, ఆ నిబంధన కింద ఏ పదం పడుతుందో తేల్చింది మాత్రం ప్రసార సంస్థ.

మట్టెవాడ మాట:
అన్నా, నిబంధన ఉన్నది గద, పాటించిన్రు అంటే సరిపోదు. అసలు ఆ నిబంధనల ఏమున్నదో చూడుర్రి. ఇతర దేశాలను విమర్శించొద్దు, మతాల మీద, వర్గాల మీద దాడి చెయ్యొద్దు, అశ్లీలం, పరువునష్టం వద్దు, హింసకు రెచ్చగొట్టొద్దు, కోర్టు ధిక్కారం చెయ్యొద్దు, రాష్ట్రపతి మీద, న్యాయవ్యవస్థ మీద నింద వెయ్యొద్దు, దేశ ఐక్యతకు భంగం రావొద్దు, మనిషిని పేరుపెట్టి విమర్శించొద్దు. "డ్రకోనియన్ లాస్" అన్న మాట ఇందుల ఏ గూట్ల కూసుంటది? చట్టం క్రూరమైనది అనుడు ప్రతిపక్షం రోజూ అనే మాట. ప్రభుత్వాన్ని విమర్శించొద్దు అని ఆ జాబితాల లేదు, ఉంటే ప్రచారానికి సమయం ఇచ్చుడు దేనికి?

ఇంకో సంగతి. హిందీ ప్రతికి ఏ అభ్యంతరం రాలేదనీ, అది ఇంగ్లీషుకు అనువాదమేననీ ఏచూరే చెప్పిండు. ఒక్క భావం ఒక భాషల పాసై ఇంకో భాషల ఆగిందంటే, కొలబద్ద నిబంధనల లేదు, చదివిన మనిషి చేతుల ఉన్నదన్నట్టు. కరపత్రంల ఇది రాస్తే "నిషేధం" కంటే గట్టిగ తగుల్తది.

(ఆయన పార్టీ తెలంగాణ ఏర్పాటుకు ఒప్పుకోలేదు, ఆ లెక్క వేరే ఉన్నది. 1969 ఉద్యమంల ఇక్కడి చదువులు ఆగినంకనే ఆయన ఢిల్లీకి పోయిండు. సంస్మరణ సభల ఈ రెండూ చెప్పినా తప్పు లేదంట.)

కాజీపేట లూప్‌లైన్:
పక్షపాతం అనే పెద్ద మాటకు ఈ ఒక్క ఉదాహరణ చాలదు. ఎన్నికల నిబంధన అని వాళ్లు తప్పించుకోగలరు. నిబంధన సాకు లేని ఉదాహరణ కావాలంటే 2017 ఆగస్టు 15 తీసుకోండి. త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగాన్ని మార్చి ఇస్తే తప్ప ప్రసారం చెయ్యబోమని దూరదర్శన్, ఆకాశవాణి అన్నాయి. ఆయన మార్చలేదు, వాళ్లు వెయ్యలేదు. మీ కరపత్రంలో "నిషేధం" అన్న మాటకు దగ్గరగా వచ్చేది ఇదీ, ఏచూరిది కాదు.

కానీ దీన్ని ఒక్క పార్టీ ఖాతాలో వేస్తే చరిత్ర తెలిసినవాళ్లు నవ్వుతారు. ఎమర్జెన్సీలో "ఆల్ ఇందిరా రేడియో" అన్న పేరు ఊరికే రాలేదు. ప్రసార భారతి చట్టం 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వంలో వచ్చింది, సమాచార మంత్రి మన తెలుగు ఉపేంద్ర. ఏడేళ్లు దాన్ని బీరువాలో పెట్టారు. ఆ ఏడేళ్లలో అయిదేళ్లు ప్రధాని మన పీవీ అన్నదీ గుర్తుంచుకోవాలి. 1997 సెప్టెంబర్ 15న అమల్లోకి తెచ్చింది అప్పటి సమాచార మంత్రి జైపాల్ రెడ్డి. అయితే అదే ఏడాది తెచ్చిన ఆర్డినెన్స్‌లో, ప్రసార భారతిని పర్యవేక్షించే పార్లమెంటరీ కమిటీ సెక్షన్‌ను తీసేశారు. ఆర్డినెన్స్ కాలం తీరి పాత చట్టమే మిగిలింది, సెక్షన్ తిరిగొచ్చింది, కమిటీ రాలేదు.

చట్టంలో సెక్షన్ 13 కింద 22 మంది ఎంపీల కమిటీ ఉండాలి, లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. సెక్షన్ 14 కింద ఫిర్యాదులు వినే ప్రసార మండలి ఉండాలి. ఎవరూ వెయ్యలేదు. జైపాల్ రెడ్డి 2004లో మళ్లీ అదే శాఖకు వచ్చారు, అప్పుడూ పడలేదు. ఏచూరి పార్టీ బయటి నుంచి మద్దతిచ్చిన ప్రభుత్వం అది. సెక్షన్ 12 మాత్రం భిన్నాభిప్రాయాలతో సహా నిష్పక్షపాతంగా సమాచారం ఇవ్వాలని, సొంత భావజాలం ప్రచారం చెయ్యకూడదని చక్కగా చెబుతుంది. ఆ మాట తప్పితే అడగడానికి వెళ్లే గడప లేదు, అంతే.

నర్సంపేట రోడ్డు:
రుజువు కావాలంటే లెక్క తియ్యాలి. ఒకే బులెటిన్‌ను వరుసగా 14 రోజులు రికార్డు చెయ్యండి. ప్రతి వార్తకు నాలుగు సంగతులు రాసుకోండి: ఎన్నో వార్త, ఎన్ని సెకన్లు, ఎవరి గురించి, ఆ మనిషి గొంతు వినిపించారా లేక న్యూస్‌రీడరే చెప్పారా. పక్షపాతం ఎక్కువగా నాలుగో గడిలోనే దొరుకుతుంది. ప్రతిపక్షానికి సెకన్లు సమానంగానే ఇచ్చి, గొంతు మాత్రం మంత్రులదే వినిపించే అవకాశం ఉంటుంది. "ఆరోపించారు", "స్పష్టం చేశారు" లాంటి క్రియలు ఎవరికి వాడారో పక్కన గీసుకోండి.

ఇద్దరు విడివిడిగా నమోదు చేసి పోల్చుకోవాలి. పదింటిలో ఎనిమిది కలవకపోతే మీ గడుల నిర్వచనమే సరిగా లేదని అర్థం, తిరగరాసి మొదలుపెట్టండి. ఎక్కువమంది బోల్తా పడేది ఎక్కడంటే, మంత్రి ప్రాజెక్టు ప్రారంభిస్తే అది ప్రభుత్వ వార్త, అదే మంత్రి పార్టీ సభలో మాట్లాడితే పార్టీ వార్త. రెండూ ఒకే గడిలో వేస్తే ఏ పార్టీ అధికారంలో ఉన్నా వివక్ష ఉన్నట్టే తేలుతుంది. కేంద్ర వార్త, రాష్ట్ర వార్త కూడా విడగొట్టాలి, మనకు అక్కడొక పార్టీ, ఇక్కడొక పార్టీ ఉండొచ్చు. సంతాప దినాలు వదిలెయ్యండి. పీవీ లాంటి మాజీ ప్రధానికి అధికారిక సంతాపం ఉంటుంది, పార్టీ కార్యదర్శికి ఉండదు. ఆ నిమిషాలు పోల్చి ఏచూరిని చిన్నచూపు చూశారంటే నిలవదు.

ప్రసంగం సంగతికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వరంగల్ కేంద్రానికి కాదు, ఆ పాఠాన్ని చూసింది ఢిల్లీలో. కేంద్ర ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయలు, 3000 అక్షరాల లోపు. "ఎందుకు తీసేశారు?" అని అడిగితే అభిప్రాయం మా పని కాదని కొట్టేస్తారు. "ఏచూరి సమర్పించిన పాఠం, ఆమోదించిన పాఠం, వాటిపై ఫైలు నోటింగుల నకళ్లు" అని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఈ సభకు అందదు, కాబట్టి కరపత్రంలో దాని మీద ఆధారపడకండి.

హన్మకొండ చౌరస్తా:
అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: "2024 ఎన్నికల ప్రసంగం ఇంగ్లీషు ప్రతిలో 'క్రూర చట్టాలు' వంటి మాటలు తొలగించమని దూరదర్శన్, ఆకాశవాణి ఏచూరిని కోరాయి. ఆ మాటలున్న హిందీ ప్రతికి అభ్యంతరం చెప్పలేదు." బాకా వాక్యం తీసేసి సెక్షన్ 14 సంగతి పెట్టాను.

వడ్డేపల్లి చెరువు:
రెండో వాక్యం చివర "అని ఏచూరి తెలిపారు" చేర్చండి. హిందీ సంగతికి మనకున్న ఆధారం ఆయన మాటే.